సాంతా ఇరెనె స్టేషన్ చివరి మెట్టు

ఇలా కూచో తల్లీ, ఆ స్టూలు మీద. అబ్బ, అది కాదు, అది కుంటిది, ఇటుపక్కది. మెట్రో ఆఫీసు నుంచి వచ్చానంటావు, స్టేషన్ చరిత్ర చెప్పమంటావు, ఫోను తెచ్చి నా మూతి దగ్గర పెడతావు. మరి ముందే రాసుకొచ్చిన ఆ కాయితం ఏంటి? ఏదీ, మళ్ళీ చదువు. "మేస్త్రీ రెఫూహియో అజాగ్రత్త వల్ల చర్చి వైపు దారిలో చివరి మెట్టు బెత్తెడు ఎత్తుగా వచ్చింది." అజాగ్రత్త! ఎవడు చెప్పాడు నీకు? పాత ఫైల్లో ఉందా? ఫైల్లో ఉంటే? ఆ ఫైలు రాసినవాడు జన్మలో ఒక్కసారన్నా తాపీ పట్టాడా? ఇప్పుడు ఆ మెట్టు పగలగొట్టి సరిచేసి, పక్కన గోడకి పలక బిగించి, మా కూకో మేస్త్రీ పేరూ ఈ మాటా కలిపి ఊరందరి చేతా చదివిస్తారన్నమాట. ముందు అది కొట్టెయ్యి. కొట్టేస్తేనే నేను నోరు విప్పేది. కొట్టేశావా? ఏదీ చూపించు. ఊఁ.

అదిగో, చూశావా! ఆ టై కట్టుకున్నాయన. మెట్టుకి కాలు తన్నుకున్నాడా లేదా? ఏమన్నాడో విన్నావుగా, "ఏ గాడిద కట్టాడు దీన్ని" అని. యాభై ఏళ్ళ పైబడి ఇదే పాట. ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేనట్టు మా అమ్మాయి మొక్కజొన్న పిండి ఉడికించి అమ్మే ఈ తమాలెల బండి తెచ్చి సరిగ్గా ఈ మెట్లెక్కి పైకొచ్చే చోటే పెట్టింది. నాకేమో ఇంట్లో పొద్దుపోదు, రోజూ వచ్చి ఇక్కడ కూలబడతాను. రోజుకి పదిమంది కాలు తన్నుకుంటారు, పదిమందీ పేరు తెలీకుండానే కూకోని తిడతారు. నేను వినాలి. నా ఖర్మ.

కూకో ఎలాంటి మనిషనుకున్నావు? రెఫూహియో అని కాయితాల్లోనే, మాకందరికీ కూకో మేస్త్రీ. గోడ వేలెడు వంకర వస్తే కట్టిందంతా కూల్పించేవాడు, మధ్యాహ్నం తిండి కూడా తిననిచ్చేవాడు కాదు. "ఎవారిస్తో, నీ కళ్ళు మొహానికి అలంకారం కోసం పెట్టుకున్నావా?" అనేవాడు నన్ను. చచ్చేవాళ్ళం అతనితో! ఒకసారి ఒక తలుపు చట్రం... సర్లే, ఆ సంగతి వద్దు, సాయంత్రం దాకా పడుతుంది. అతనే మా ఎదెల్మీరాకి జ్ఞానతండ్రి. అదిగో, ఆ బండి దగ్గర ఉన్నదే. దానికి చర్చిలో నీళ్ళు పోయించినప్పుడు ఎత్తుకుని నిలబడ్డాడు, కొత్త టోపీ చేత్తో పట్టుకుని. అది టోపీ మీదే కక్కింది. తుడిచి నెత్తిన పెట్టుకున్నాడు. అదే మేం సున్నం ఒలకబోస్తే మా ఏడుతరాలూ బయటికొచ్చేవి.

ఏం చెప్తున్నానూ? ఆఁ, మట్టం. మా పనివాళ్ళకి తాతల నాటి అలవాటొకటుంది. ఏ పేటలో పని పడినా మట్టానికి చర్చి గడపే లెక్క. నీళ్ళ గొట్టం ఒక కొస గడప మీద, రెండో కొస గోడ దగ్గర, నీళ్ళు ఎక్కడ నిలిస్తే అక్కడ గీత. దేవుడి గడప ఎందుకు కదులుతుందని మా ధీమా. కదలదట, నా మొహం! ఈ ఊరు పూడ్చిన చెరువు మీద కూచుంది, నీకు నేను చెప్పాలా? స్టేషన్ కోసం ఈ గొయ్యి తవ్వుతూ రెండేళ్ళు పంపులు పెట్టి నీళ్ళు తోడారు. తోడేకొద్దీ చర్చీ, దాని గడపా, చుట్టూ ఉన్న రోడ్డూ, అన్నీ కలిసి చల్లగా కిందికి జారాయి, బెత్తెడు. అన్నీ ఒకటిగా దిగితే కంటికేం తెలుస్తుంది? ఇంజనీరుకి తెలుసు. అందుకే కిందున్న గట్టినేల దాకా ఇనుప మేకు ఒకటి దింపి, కొలతలన్నీ దీన్నుంచే తియ్యాలన్నాడు. మిగతా మేస్త్రీలు నవ్వారు. కూకో నవ్వలేదు. "ఇక నుంచి చర్చి వద్దు, మేకే" అన్నాడు. అలాంటివాడికి అజాగ్రత్త అంటగడతారా మీరు?

మరి మెట్టెలా తప్పిందంటావు. వస్తున్నా, తొందరేంటి నీకు, రైలేమన్నా పోతుందా? పోయినా రెండు నిమిషాలకి ఇంకోటొస్తుంది. మెట్లు పోసేశారు, తర్వాత పైన కొత్త ఫుట్‌పాత్ మేకు లెక్కన వేశారు, చూస్తే చివరి మెట్టు మిగతావాటికన్నా బెత్తెడు పైకి లేచింది. ఇంజనీరు వచ్చాడు, మొహం టమాటాలా ఉంది. "ఎవడు కొలిచింది?" అన్నాడు. మేం పన్నెండుమందిమి వరసగా నిలబడ్డాం. కూకో ఒక్కసారి నా వంక చూశాడు. చూసి, "మేస్త్రీని నేను, కొలత నాది" అన్నాడు. అంతే. అదే మీ ఫైల్లో ఎక్కింది. ఆ తర్వాత పెద్ద పని ఒక్కటి కూడా అతనికి రాలేదు. వంటింటి గోడలూ, పిట్టగోడలూ కట్టుకుంటూ ఎనిమిదేళ్ళు బతికి పోయాడు. స్టేషన్ ప్రారంభం రోజున బ్యాండుమేళం పెడితే, ఆ మూల నిలబడి చూసి వెళ్ళిపోయాడు, ఒక్క రైలు కూడా ఎక్కకుండా.

వాళ్ళావిడ సొలెదాద్ ఉండేది చూడు, ఆవిడ ఇంకో తలనొప్పి. ముసలితనంలో మార్కెట్‌కి ఈ మెట్లే ఎక్కేది. చివరి మెట్టు దగ్గరికి రాగానే ఆగి, కర్రతో దాన్ని రెండు బాది, "ఓరి కొలత తెలీని మొగుడా! నువ్వు పోయి కూడా నా మోకాళ్ళు తింటున్నావురా!" అని తిట్టేది, నలుగురూ నవ్వేలాగా. నేనే చెయ్యి పట్టుకుని పైకి లాగేవాణ్ణి. "నువ్వు బంగారం ఎవారిస్తో" అనేది నన్ను. ప్రతిసారీ అనేది. చచ్చే ముందు కూడా అదే నమ్మి పోయింది ఆ పిచ్చిది. ఒళ్ళు మండిపోతుంది తల్లీ, తల్చుకుంటే.

ఎవరి మీదంటావేంటి? విను. మే మూడు. శిలువ పండగ, మా తాపీపనివాళ్ళ పండగ. గొయ్యి అడుగున కాయితం పూలు చుట్టిన శిలువ నిలబెట్టాం, పైన మేకమాంసం వడ్డిస్తున్నారు, ఆ వాసన గొయ్యి అడుగుదాకా దిగుతోంది. తెల్లారితే కాంక్రీటు పోస్తారు, గీత పెడితేగాని తిండి లేదన్నాడు కూకో. గొయ్యి పైఅంచు కింద పరంజా మీద నిలబడి నీళ్ళ గొట్టం ఒక కొస తను పట్టుకున్నాడు, రెండో కొస నాకిచ్చి పైకి పంపాడు. మేకేమో చర్చి ముందున్న ప్లాజా అవతల, కంచె లోపల. కాపలావాడు తాళం వేసి తిండికి పోయాడు. వాణ్ణెవడు వెతుకుతాడు? చర్చి గడప నాలుగడుగుల్లో ఉంది. కింద నుంచి అరిచాడు, "ఎవారిస్తో! మేకు దగ్గరే పట్టావా?" అని. "మేకు దగ్గరే మేస్త్రీ!" అన్నాను, చర్చి గడప మీద గొంతుక్కూచుని.

రాసుకో. ఆ కొట్టేసిన చోట నా పేరు రాయి, ఎవారిస్తో మొంతెల్. రెండో ముక్క కూడా సరిగ్గా రాయి, ఊళ్ళో ఎవారిస్తోలు చాలామంది ఉన్నారు. ఇంక చాలు, ఆ ఫోను తీసెయ్యి.

ఏంటే ఎదెల్మీరా, అలా నిలబడిపోయావు? నన్నెందుకే అలా చూస్తావు? అక్కడ మనిషి వచ్చి ఎంతసేపైంది, ఆయనకేం కావాలో అడుగు.