బూరుగు నిప్పులు

హలో… ఆ, నేనే. భీమడోల్లోనే, కట్టెల అడితిలో ఉన్నాను… సనా, అమ్మ సంతకం పెట్టిందా?… ఇంకా లేదా. రేపు పొద్దున్నే ఆపరేషన్ పెట్టుకుని ఇప్పటిదాకా… బ్యాగు సర్దమంటోందా? దేనికి?… ఫోను అమ్మకివ్వు.

బీబీ… ఆయాసం ఎలా ఉంది?… మెల్లిగా మాట్లాడు, ఎవరూ తరమట్లేదు…

ఆ, నడిచాను. పీర్లు గుండం దాటాక వెనకాలే నేనూ దాటాను… నీ పేరు చెప్పుకునే… లేదు, కాలలేదు… మన అడితి యోసేపు ఫోన్ చేసి చెప్పాడా? ఆదివారం చర్చి మానని మనిషి, అతనూ నమ్మేశాడన్నమాట…

అవును, ఇన్నేళ్ళూ నవ్వాను. గుండానికి కట్టెలు తోలినవాణ్ణే గాని చెప్పులు విప్పినవాణ్ణి కాదు… నీ కోసమే విప్పాను, కాదన్నానా?

అది కాదే. నా కాళ్ళు కాలకపోతే నీ గుండె బాగైపోయినట్టా?… మొక్కు చేరిందని నీకెవరు చెప్పారు?… డాక్టరు మాట విన్నావుగా. కోస్తే సగం ఆశ. కొయ్యకపోతే ఆ సగమూ లేదు. ఏ వ్యాపారస్తుణ్ణడిగినా సగం తీసుకోమంటాడు…

సరే, దేవుడితో బేరాలొద్దు. ఒప్పుకున్నాను. ముందు సంతకం పెట్టు… ఇంటికి రావడం కాదు…

బీబీ, విను. పక్కన సనా ఉందా?… ఉండనీలే.

ఏటా గుండానికి ఏం తోలతాను?… ఆ, చింత మొద్దులు. తెల్లారినా కణకణలాడుతూనే ఉంటాయి. ఈసారి బండికి చింత ఎత్తుతుంటే నేనే ఆపాను. బూరుగు ఎత్తమన్నాను… బూరుగే. అగ్గిపుల్లలకి పోయే కట్టె. మంట మాత్రం తాటి చెట్టంత లేస్తుంది, చూసేవాళ్ళకి దడ పుడుతుంది. పీర్లు లేచే వేళకి బూడిద…

ఎందుకంటే ఏం చెప్పను? భయమేసింది. మొక్కింది నేనే, నడవాల్సింది నేనే, కట్టే నాదే. తూకం కాస్త నా వైపు వంచుకున్నాను. అలవాటు…

పేరా?… చెప్పుకున్నాననే అన్నాను… లేదు. ఒట్టు పెట్టమంటే లేదు. అడుగేసిన దగ్గర్నుంచీ నా అరికాళ్ళే గుర్తున్నాయి. అవతలి గట్టెక్కాక నువ్వు గుర్తొచ్చావు… ఇంతకాలం నేను నీ కోసమే బతుకుతున్నాననుకున్నాను, బీబీ. నిజం…

మిగతావాళ్ళూ అంతే. చంటిపిల్లల్ని ఎత్తుకుని నడిచిన తల్లులున్నారు. అందరూ నా బూడిదలోనే నడిచారు. ఒకావిడ నా కాళ్ళు కళ్ళకద్దుకుంది కూడా. వద్దనలేకపోయాను…

అందుకే చెబుతున్నాను. దాన్ని నమ్ముకుని ఇంటికి రాకు. అది మొక్కు కాదు. సంతకం పెట్టు…

బీబీ?…

ఇంకెందుకంటావేమిటి?… ఇందాక మొక్కు చేరింది కాబట్టి అక్కర్లేదన్నావు. ఇప్పుడు చేరలేదని తెలిసి ఎందుకంటావు. మరి నన్ను ఎటు నుంచి రమ్మంటావు?… నిజం చెబితే పెడతావనుకున్నాను…

మళ్ళీ నడుస్తాను. చింతే తోలిస్తాను, ఈసారి నీ పేరు పైకి చెప్పి… అవును, గుండం పూడ్చేశారు. నిజమే. మళ్ళీ ఏడాదికి గాని… ఏడాది…

హలో?… సనా, నువ్వా. అమ్మేం చేస్తోంది?… గోడ వైపు తిరిగి పడుకుందా. కాగితం?… అలాగే ఉందా.

దుప్పటి కప్పు… అడుగు, ఇంకోసారి అడుగు. నేను చెప్పమన్నానని మాత్రం అనకు… వస్తాను. బస్సెక్కుతున్నాను…

నాకేమమ్మా… కాళ్ళా?… బాగానే ఉన్నాయి. చూసుకున్నాను. ఒక్క బొబ్బ కూడా లేదు… పెట్టేస్తున్నాను.