బావగార్లు పోసిన నది

మేడమీది గది. మంచమంత బల్లమీద బొమ్మరైలు ఊరు, అందులో వంతెన కింద నీళ్ళింకా రాని నది. బల్లకి అటు పెళ్ళికొడుకు తండ్రి, ఇటు పెళ్ళికూతురి తండ్రి.

"మీరు పొయ్యండి బావగారూ."

"అబ్బే, నది మీది. మీరే పొయ్యాలి."

"మా ఇంటికొచ్చినవారు. మొదటి ధార మీ చేతిమీదుగా పడాలి. ఇదిగో, గ్లాసు పట్టుకోండి."

"ఎంతమాట! మగపెళ్ళివారు మీరుండగా నేను ముందు పొయ్యడమా?"

"అదిగో, మళ్ళీ మగపెళ్ళివారంటారు! పొయ్యండి బాబూ."

"మీరు పొయ్యండి, నేను పక్కనుండి చూసి ఆనందిస్తాను."

"పోనీ ఇద్దరం కలిసి... బావగారూ, గ్లాసు వేడెక్కిందేమిటి?"

"పొగ కూడా వస్తోందండీ."

"వంచండి! తొందరగా వంచండి!"

"వంచాను. రావట్లేదు."

"బోర్లించండి!"

"బోర్లించే ఉంది. పుల్లతో సహా గడ్డకట్టుకుపోయింది."

"హతవిధీ! గ్లాసెడు నది మర్యాదలకే చెల్లిపోయింది!"

"నవ్వకండి బావగారూ, మీరు నవ్వితే నాకూ ఆగట్లేదు. అమ్మో, పొట్ట నొప్పి!"

"ఇది రెజిన్ అండీ, గాజులా గట్టిపడే జిగురు. రెండు సీసాలూ కలిపాక వియ్యాలవారని ఆగదు. ఈసారి మీరే కలుపుతారు, మీరే పోస్తారు, అంతే. ఇదిగో కొత్త పుల్ల. నెమ్మదిగా తిప్పండి, బుడగలు రాకూడదు."

"తిప్పుతున్నా. బావగారూ, మీతో ఒక మాట..."

"కలిపేటప్పుడు మాటలొద్దు, బుడగలొస్తాయి."

"మాటలకి బుడగలెందుకొస్తాయండీ?"

"మాట్లాడితే మీ చెయ్యి ఊరుకోదు, చూస్తున్నాగా. రంగు వేస్తున్నా. నీలం ఒక చుక్క..."

"నీలమా! ఎక్కడుందండీ నీలం నది? నడిమధ్య ఆకుపచ్చ, ఒడ్డుకి మట్టిరంగు. కాస్త గోధుమరంగు వెయ్యండి."

"మురికిగా కనపడుతుందేమో?"

"కనపడాలి! వంతెన కింద ఈ గోరంత ఆవిడ బట్టలుతుకుతోందా లేదా?"

"ఔరా! ఉతుకుతోంది! ఇన్నేళ్ళూ స్నానాలగది తొట్టిలాంటి నదులు పోసుకుంటూ వచ్చాను, ఒక్కడూ చెప్పలేదు. పొయ్యండి, పొయ్యండి. సన్నగా... అదీ! వెళ్తోంది చూడండి, రాళ్ళ చుట్టూ ఎలా తిరిగి వెళ్తోందో!"

"ఆహాహా... బావగారూ, చేపలు పట్టేవాడు మునిగిపోతున్నాడు!"

"మోకాళ్ళదాకానే. మనవాడికి ఈతొచ్చు."

"సరే గానీ, నా కాలిమీద ఏదో కారుతోందేమిటి?"

"నది! బల్ల అంచున టేపు ఊడింది! చేతికి తొడుగుందిగా, బొటనవేలు అడ్డం పెట్టండి!"

"పెట్టాను. ఆగింది. బావగారూ, ఇలా కదలకుండా ఉన్నప్పుడే ఆ మాట చెప్పేస్తే..."

"టేపు తెస్తాను, హెయిర్ డ్రయ్యరూ తెస్తాను, వేడిగాలి తగిలితే బుడగలు పోతాయి. వేలు తియ్యకండి, తుమ్మకండి, ఇప్పుడే వస్తా!"

"అసలు... వెళ్ళిపోయాడు మహానుభావుడు. ఫోనొకటి ఇప్పుడే మోగాలా! హలో... ఆఁ, అరవకే, వినపడుతోంది. ఇంకా చెప్పలేదు... ఎలా చెప్పను, ఒక చేత్తో నదిని ఆపుతున్నానే... తాగలేదే తల్లీ, బొమ్మనది!... తెలుసు, అమ్మాయి ఈ పెళ్ళి వద్దని తెగేసి చెప్పింది, నేనొచ్చిందే ఆ మాట చెప్పడానికి... దాన్నేం అనకు, దాని మనసుకి నచ్చలేదు. అల్లుడు ఇంకొకడు దొరుకుతాడు, ఇలాంటి బావగారు దొరకరే!... ఏడవట్లేదు, ఈ రెజిన్ వాసన. ఉంటా, వస్తున్నారు."

"ఎవరండీ ఫోను?"

"మా ఆవిడ. నది ఎలా వస్తోందని."

"చెల్లెమ్మకి ఎంత శ్రద్ధ! ఇదిగో టేపు. ఆఁ, ఇప్పుడు వేలు తియ్యండి. నిలిచింది! డ్రయ్యర్ పట్టండి. దూరంనుంచి, దూరంనుంచి, ఊరు ఎగిరిపోతుంది!"

"పోతున్నాయి బుడగలు! టప్, టప్, టప్!"

"ఇంక లైటు వెయ్యండి... బావగారూ! చూశారా?"

"వంతెన నీడ! నీళ్ళలో వంతెన నీడ పడింది!"

"రైలు వదలండి! మీట నొక్కండి, మీరే!"

"మీరు... సరే సరే, నేనే నొక్కుతా. కూఁ! వెళ్తోంది! నీళ్ళలో రెండో రైలు వెళ్తోంది బావగారూ!"

"చిన్నప్పుడు కూడా ఇంత సంతోషపడలేదండీ నేను. ఇది మొదటి పొర మాత్రమే. రేపటికి గట్టిపడుతుంది, రేపు పైన అలల పొర. జలపాతానికి దూది సన్నగా దువ్వాలి, అది ఒక్కడి వల్లయ్యే పని కాదు. పొద్దున్నే వచ్చెయ్యండి."

"రేపు నేను రాలేనండీ."

"ఎల్లుండి?"

"ఎల్లుండీ రాలేను. ఇంకెప్పుడూ... మీరు నన్ను బావగారూ అనకండి. మా అమ్మాయి ఈ పెళ్ళి వద్దంది. అది చెప్పడానికే వచ్చాను, మీరు చేతిలో పుల్ల పెట్టారు, తిప్పుతూ ఉండిపోయాను. మీ నదిలో చెయ్యిపెట్టే అర్హత లేదు నాకు. తిట్టండి, పడతాను."

"చూడండీ..."

"గట్టిగానే తిట్టండి."

"తిట్టడానికేముంది బావగారూ, మావాడూ వద్దనే అన్నాడు నిన్న. నది పూర్తయ్యేదాకా ఆడపెళ్ళివారికి చెప్పావంటే కాళ్ళు విరగ్గొడతానన్నాను."