ఇండియా తరఫున మా ఇల్లు

అది కాదు సంజీవరావు బాబూ, ఫొటోలో మటన్ కనబడిందని బియ్యం కార్డు తీసేస్తారా? ఊరి సచివాలయంలో కూర్చున్న మీకైనా తెలియొద్దూ, ఈ వెంకటరావమ్మ కూలికెళ్లి మిరపకాయలు కోస్తేగానీ పొయ్యి వెలగదని?

చెప్తాను, వినండి. మొన్న కోతలప్పుడు కెమెరా పట్టుకుని ఒక తెల్లమ్మాయి వచ్చింది. పక్కన భానుశ్రీ అని మన తెలుగు పిల్ల, ఆ మాటలు మాకు చెప్పడానికి. దేశానికొక ఇల్లట. వారమంతా తినే తిండి ముందు పెట్టుకుని కూర్చుంటే ఫొటో తీసి, అన్ని దేశాలవీ పక్కపక్కన వేస్తారట. ఇండియాకి మీ ఇల్లేనండీ అంది.

ఆ మాట విన్నాక గోంగూర పచ్చడీ, కోటా బియ్యమూ ముందేసుకుని ఎట్లా కూర్చోను? దేశం పరువు తెచ్చి నా చేతిలో పెట్టారాయె!

మన వీధిలో పెళ్లిచూపులైతే కుర్చీలూ గ్లాసులూ ఎవరివి? అందరివీనూ. ఆ రోజూ అట్లాగే తలా ఒకటి తెచ్చారు. ఖాదర్ వలి బండి మీది యాపిల్స్, యేసుపాదం గారింటి హార్లిక్స్, కోటేష్ హోటల్లో వండబోయే మటన్. ఫొటో అయ్యీ అవగానే ఎవరివి వాళ్లు పట్టుకుపోయారు. కోటేష్ అయితే మటన్ కోసం గుమ్మంలోనే నిలబడ్డాడు.

పైగా భానుశ్రీ, చాలా సహజంగా వచ్చిందండీ అంది.

నవ్వుతారేంటి? నా పక్క ఫొటోలో జర్మనీ ఆవిడుంది చూడండి, అన్ని రొట్టెలూ అన్ని సీసాలూ! అవన్నీ ఆవిడవేనంటారా? ఆవిడకి మాత్రం ఇరుగూపొరుగూ ఉండరూ?

ఏమిటీ? అవి అరువు సరుకని రాసిచ్చి వేలిముద్ర వేస్తే కార్డు ఉంటుందా? మీ కడుపు చల్లగుండ! ఇటివ్వండి.

మరి ఈ కాగితం ఏం చేస్తారు? ఫొటో వేసినవాళ్లకీ పంపుతారా? ఆ బొమ్మ కిందే వేస్తారా, అందరికీ కనబడేట్టు? వినుకొండలో కూడానా?

ఆగండి. వినుకొండలో మా అమ్మాయి సాయిలక్ష్మి అత్తగారుంది. తిండికి లేని కొంపలోంచి వచ్చావని పిల్లని పూటపూటా దెప్పేది. ఫోన్లో ఈ ఫొటో చూశాక నోరు మూసింది. మొన్న తనే ఫోన్ చేసి, "వదినగారూ, బాగున్నారా?" అంది. పిల్ల పెళ్లయ్యాక ఆవిడ నన్నట్లా పిలవడం అదే మొదలు బాబూ. నాకు ఏడుపొచ్చింది.

వద్దు, వేలిముద్ర వెయ్యను. అవన్నీ మావేనని రాసుకోండి. మటన్ కూడా. కార్డు తీసేస్తే తీసేయండి.