యాకూబ్ ఖురేషీ శవం తూకం

మూడు తరాల పగ మీద తీసిన సినిమా ఒకటి బాగా ఆడిన దగ్గర్నుంచి, బొగ్గు గనుల ఝరియాలో పరువున్న ప్రతి ఇంటికీ ఒక హత్య అవసరమైంది. తాతలు మామూలుగా జబ్బు చేసి పోయినవాళ్లు నలుగురిలో నోరెత్తడానికి సిగ్గుపడేవారు. అలాంటి సినిమానే ఇంకోటి తీద్దామని బొంబాయి నుంచి దేవాశిష్ అనే ఆయన కథలు వెతుక్కుంటూ వచ్చి, రామ్‌జతన్ టీ కొట్లో కూర్చున్నాడని తెలియగానే ముస్తకీమ్ అన్సారీ ఉన్నవాటిలో మంచి కుర్తా తొడుక్కుని పరుగున వచ్చాడు. అతని తండ్రి హనీఫ్ బొగ్గు తట్టలు మోసి మోసి, దగ్గి దగ్గి పోయాడు. ఆ పేరు ఒక్కసారి తెర మీద వినబడాలని ముస్తకీమ్ ఆశ.

"మాదేం పెద్ద గొడవ కాదు సాబ్," అని తగ్గించే మొదలుపెట్టాడు. "గని దగ్గర యాకూబ్ ఖురేషీ అనేవాడు మా తాతని అందరి ముందూ చెంపదెబ్బ కొట్టాడు. అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా తాత తిరిగి ఒక్కటిచ్చాడు. ఆ చప్పుడుకి గనిలో ఉన్నవాళ్లంతా సైరన్ మోగిందనుకుని షిఫ్టు మధ్యలోనే పైకొచ్చేశారు. యాకూబ్ ఊరుకుంటాడా, లారీతో గుద్దించాడు. లారీ నుజ్జునుజ్జయింది. మా తాత ఆ అవమానంతో మంచం పట్టాడు."

"అవమానం లారీకి కదా," అన్నాడు రామ్‌జతన్ టీ వడపోస్తూ.

"నువ్వాగు. అప్పుడు మా అబ్బా హనీఫ్ ఒట్టేసి, యాకూబ్ మీద బాంబు విసిరాడు. గురి కాస్త తప్పి గనిలో పడింది. ఈ ఊరి కింద ఇప్పటికీ నేలలో బొగ్గు మండుతోందే, అది ఆ బాంబే."

"ఆ నిప్పు మీ తాత పుట్టకముందు నుంచీ ఉంది మియా," అన్నాడు బల్ల మీద ఎవరో.

"ఉంది, కాదనను. సన్నగా ఉండేది. దాన్ని నిలబెట్టింది మా అబ్బా." దేవాశిష్ ముందుకు వంగడం చూసి ముస్తకీమ్‌కి ఊపొచ్చింది. "ఆ తర్వాత తుపాకీ తీశాడు సాబ్. మొదటి తూటా యాకూబ్ గుండెలోంచి దూరి, అవతల పోతున్న హౌరా బండిలో ఈ కిటికీలోంచి వెళ్లి ఆ కిటికీలోంచి బయటికొచ్చింది. కునుకు తీస్తున్న టీసీ మీసం మాత్రం కాలింది. యాకూబ్ పడడే! పేల్చాడు, పేల్చాడు, ఊళ్లో తూటాలు అయిపోతే ధన్‌బాద్ నుంచి తెప్పించి పేల్చాడు. చివరికి పడ్డాడు. ఒంట్లో అంత సీసం ఉంటే శవాన్ని ఎవరు లేపుతారు? బొగ్గు లారీలో ఎక్కించి కాటా మీదికి తోలారు."

మూలన ఒక ముసలాయన టీ గ్లాసు కింద పెట్టాడు. మనవరాలి పెళ్లికి అసన్‌సోల్ నుంచి ఆ పొద్దునే దిగినవాడు.

"చివరికి ఎంత తూగాను నాయనా?" అని అడిగాడు.

యాకూబ్‌ని పోల్చుకోవడానికి ముస్తకీమ్‌కి కాసేపు పట్టింది. ఊరొదిలి పోయినవాడు ఎప్పుడో చచ్చే ఉంటాడనుకుని ధైర్యంగా చంపాడు పాపం.

"చెంపదెబ్బ నిజమే," అన్నాడు యాకూబ్ దేవాశిష్‌తో. "తప్పు నాదే. హనీఫ్ కత్తి పట్టుకుని మా ఇంటికొచ్చిందీ నిజమే. నేనింకా పని నుంచి రాలేదు. మా అమ్మ అతని ముఖం చూసి, ముందు కూర్చుని తిను, వాడొచ్చాక చంపుదువుగాని అంది. మూడుసార్లు వడ్డించుకున్నాడట. నేనొచ్చేసరికి గోడవారన గురక పెడుతున్నాడు. లేచి, నన్ను చూసి, సిగ్గుపడి వెళ్లిపోయాడు. కత్తి మర్చిపోయాడు. అడగడానికి మళ్లీ రాలేదు."

"అంటే ఎవరూ చావలేదా?" అన్నాడు దేవాశిష్ నీరసంగా.

"నాకింకా టైముంది బాబూ."

కొట్టంతా నవ్వులో మునిగింది. ముస్తకీమ్ తల వంచుకుని కుర్తా అంచు నలుపుతూ కూర్చున్నాడు. నవ్వులు తగ్గాక మెల్లిగా అడిగాడు.

"ఆ కత్తి ఏమైంది చాచా?"

"మా కోడలు ఉల్లిపాయలు తరుగుతుంది. మీ అబ్బా పెట్టిన పదును, ఈరోజుకీ సాన పట్టాల్సిన పనిపడలేదు."

ముస్తకీమ్ తలెత్తి, నిటారుగా కూర్చుని, దేవాశిష్ వైపు తిరిగాడు.

"విన్నారా సాబ్?" అన్నాడు.