త్రిపుర జాకెట్టులో వదిలిన గుడ్డ

అదేంటి కమలవ్వా, నాకేసి చూడనైనా చూడకుండా టేపు తీస్తావు? నోట్లో అన్ని గుండుసూదులు పెట్టుకుంటే పలకరించక్కర్లేదనా? సరే, పెట్టుకో. ముప్పై ఒక్క ఏళ్ళు క్లాసులో ఒక్కదాన్నే మాట్లాడాను. నాకు అలవాటే.

ఇదిగో, ఈ జాకెట్టు నువ్వు కుట్టిందే. చంకల కింద పట్టేస్తోంది. పంజగుట్ట నుంచి మీ అమీర్‌పేట సందు దాకా దారిపొడుగునా ఎన్ని టైలరు షాపులు లేవు? అన్నీ దాటుకుని ఇక్కడికే ఎందుకొచ్చానో అడగవేం?

చెయ్యి ఎత్తాలా? ఎత్తాను.

మొదటి నుంచి చెప్తాను. నీకు తెలిసిందే అనుకో, అయినా పాఠం మధ్యలోంచి ఎత్తుకోవడం నాకు చేతకాదు. ఇరవై ఏళ్ళ కిందట ‘వెండి గడప’ సీరియల్ వచ్చే రోజుల్లో, నువ్వూ నేనూ మా ముందుగదిలో చాప వేసుకుని చూసేవాళ్ళం కదా? అందులో పెద్దకోడలు త్రిపుర ఎలాంటి మనిషి? నాలుగొందల పదకొండు ఎపిసోడ్లలో ఎవరితోనైనా ఒక్కసారి “నాదే తప్పు” అందా? మామగారు మంచం పట్టినా అనలేదు. మొగుడు ఇల్లు విడిచిపోయినా అనలేదు. అలాంటిది, నాలుగొందల పన్నెండులో గబగబా ఆడపడుచు ఇంటికెళ్ళి “నాదే తప్పు వదినా” అని ఏడుస్తుందా! ఇదేం పాత్ర?

ఇప్పుడా సీరియల్‌ని యూట్యూబులో మళ్ళీ పెట్టారు. మా మనవరాలు సంహిత వాట్సాప్‌లో అభిమానుల గ్రూపొకటి పెట్టి నన్ను అడ్మిన్ని చేసింది. రెండు వందల పద్నాలుగు మంది. పొద్దున లేస్తే ఒకటే గొడవ, త్రిపుర మారడం సబబా కాదా అని. బేగంపేట చలపతిరావు గారైతే, ఆ నటికి పెళ్ళి కుదిరింది కాబట్టి కథ చుట్టేశారంటాడు. బ్యాంకులో చేసినాయన, ఆయనకి అన్నీ అలాగే కనిపిస్తాయి. నేనూరుకుంటానా? ఎపిసోడ్ నంబర్లతో సహా ప్రశ్న, ఆధారం, జవాబు అని విడదీసి వ్యాసం పెట్టాను. సారాంశం ఒక్కటే. మనిషి స్వభావం మారదు. మారిందని రాస్తే అది రాసినవాడి బద్ధకం.

దాని కింద నీ వాయిస్ మెసేజ్. నలభై సెకన్లు. ఇప్పుడది నాకు నోటికొచ్చు.

“టీచరమ్మా, త్రిపుర జాకెట్లు గుట్టింది నేనే. ఎవ్వలికి గుట్టినా లోపట రెండు వేళ్ళ మందం గుడ్డ ఇడుస్త. రేపు సుత మనిషి గిట్లనే ఉంటదని ఎవ్వలు చెప్తరు? త్రిపుర లోపట గూడ జర గుడ్డ ఇడిసిండ్రు, గంతే.”

నువ్వు కుట్టిన మాట నేనెరగనా? కృష్ణానగర్ నుంచి సీరియల్ కాస్ట్యూమ్స్ ఆయన మూటలు తెచ్చి మీ ఆయన ఉప్పలయ్య ముందు దించడం నా కళ్ళతో చూశాను. అయినా ఏం రాశాను? “జాకెట్లు కుట్టేవాళ్ళు జాకెట్ల సంగతి చూసుకుంటే చాలు, పాత్రల సంగతి చదువుకున్నవాళ్ళం చూసుకుంటాం.” అంతమందీ చూస్తుండగా అలా రాసి, నిన్ను గ్రూపులోంచి తీసేశాను.

అబ్బా! గుచ్చుకుంది కమలవ్వా. చూసుకోకుండా గుచ్చావా, చూసే గుచ్చావా?

పోనీలే.

ఏటా బల్కంపేట ఎల్లమ్మకి బోనం తీసుకుపోయే రోజు పొద్దున్నే ఫోన్ చేస్తావు. “టీచరమ్మా, జల్ది రా, నువ్వొస్తెనే బోనం ఎత్తుకుంట” అంటావు. ఈ ఏడు చెయ్యలేదు. నేను మాత్రం తలంటు పోసుకుని, పట్టుచీర కట్టుకుని, పదకొండింటి దాకా కుర్చీలో కూర్చున్నాను. ఫోన్ పాడైందేమోనని సంహిత చేత ఒకసారి చేయించి చూశాను. బ్రహ్మాండంగా మోగింది.

అప్పుడు ఆ ఎపిసోడ్ మళ్ళీ పెట్టుకున్నాను. కథ కోసం కాదు, జాకెట్టు కోసం. త్రిపుర ఏడుస్తూ చెయ్యెత్తి కళ్ళు తుడుచుకుంటుంది చూడూ, అక్కడ ఆపాను. పక్కన, వదులు చెయ్యడానికి పాత కుట్టు విప్పిన గీత. ఆ మనిషిని అన్నేళ్ళు చూశాను, నంబర్లన్నీ బట్టీ పట్టాను, ఆ గీత మాత్రం నాకెప్పుడూ కనిపించలేదు.

అయినా నిన్ను గ్రూపులోంచి తీసెయ్యడానికి అసలు కారణం త్రిపుర కాదు. చెప్పేస్తున్నాను, విను. నా వ్యాసానికి నాలుగు దణ్ణాల బొమ్మలొచ్చాయి. అందులో ఒకటి సంహితది. నీ నలభై సెకన్లకి అరవై మూడు.

క్లాసులో ఏ పిల్లయినా నాకన్నా బాగా జవాబు చెప్తే నేనేం చేసేదాన్నో తెలుసా? “ఇంక కూర్చో” అనేదాన్ని. నిన్నూ అలాగే కూర్చోబెట్టాను.

నాదే తప్పు కమలవ్వా.

ఇదిగో, అనేశాను. నా పాత్రకి బొత్తిగా నప్పలేదు కదూ? ఆధారం అడుగుతావేమో, నా దగ్గర లేదు.

సూదులన్నీ గుచ్చేశావుగా, నోరు ఖాళీయే. ఇప్పుడేమంటావు?

ఓహో. డబ్బీలోంచి మళ్ళీ గుప్పెడు తీసి పెట్టుకున్నావా? మంచిదే. నీ చోట నేనున్నా అదే చేసేదాన్ని.

రెండో చెయ్యా? ఎత్తాను. కానీ చూడు, ఉన్న గుడ్డంతా ఈసారే విప్పెయ్యకు. కొంచెం ఉంచు.

మళ్ళీ రావాలి నేను.