ఆరింటికి తాళం

ఎనభై మూడులో, గుంటూరు మిర్చి గోదాముల వెనక సందులో ఒక్క నెలలోనే మూడు గొలుసులు తెంచుకుపోయారు. మూడోది పోగొట్టుకున్న రాఘవమ్మ, మిరపకాయలకు తొడిమలు తీసే మనిషి. ఒక సాయంత్రం కొత్త ఎస్సై స్వయంగా ఆమె గుమ్మంలోకి వచ్చాడు.

“సందుకి రెండు వైపులా గేట్లు పెట్టిస్తున్నానమ్మా. ఆరింటికల్లా తాళం వేయిస్తాను. ఇక దొంగ రాలేడు.”

“మేం పని దిగేదే ఆరింటికి కదండీ. మేమెట్టా రావాలి?”

“మెయిన్ రోడ్డు చుట్టూ తిరిగి రండి.”

“ఆ దారెంట అన్నీ సారా కొట్లేనండీ.”

“మరేం చెయ్యమంటావు? నాకున్నది ఇద్దరే కానిస్టేబుళ్లు.”

“మొన్న ఎండాకాలం దాకా ఒక్కరూ లేరండీ. అయినా భయం లేదు. మలుపులో యలమందయ్య బజ్జీల బండి ఉండేది. పెట్రోమాక్స్ లైటు, చుట్టూ పదిమంది జనం.”

“ఇప్పుడా బండేమైంది?”

ఆమె గొంతు తగ్గించింది.

“దారికడ్డమని తీయించారుగా. మీరొచ్చిన వారంలోనే.”

లాఠీతో బండిని చూపించి తీసెయ్యమన్నది తనేనని ఎస్సైకి గుర్తొచ్చింది.

“రేపతన్ని స్టేషనుకి రమ్మను. బండి మళ్లీ పెట్టుకోమంటాను.”

“స్టేషనంటే రాడండీ. ఊరొదిలి పోతాడు.”

“అయితే ఇల్లు చూపించు. నేనే చెబుతాను.”

“చూపిస్తాగానీ, ముందా టోపీ తీసెయ్యండయ్యా. దూరాన్నుంచి చూసినా పరుగెత్తుతాడు.”

ఎస్సై టోపీ తీసి చంకలో పెట్టుకుని ఆమె వెనకాలే నడిచాడు.