అంచు తీసి చూడమన్న సార్

మిత్రులారా, విద్యార్థులారా, ఎల్లారెడ్డి నుంచీ సదాశివనగర్ నుంచీ పనులు మానుకొని కామారెడ్డి దాకా వచ్చిన పెద్దలారా, ముందు వరుసలో కూర్చున్న సార్ తల్లి ఈరవ్వా, సార్ భార్య, నాకు చెల్లెలులాంటి వినీతా,

ప్రేమ్‌కుమార్ గారు లేరని చెప్పడానికి నేను నిలబడలేదు. అది మీ అందరికీ తెలుసు. ఆయన ఎలా బతికారో చెప్పడానికి నిలబడ్డాను. ఎల్లారెడ్డి జూనియర్ కాలేజీలో ఆయన లెక్కలు చెప్పేవారు. పక్క గదిలో నేను ఫిజిక్స్ చెప్పేదాన్ని. గోడ అవతల నుంచి ఆయన గొంతు నాకు రోజూ వినిపించేది.

ఆయనకు ఒక పిచ్చి ఉండేది. గళ్ల ఆట. కొన్ని గళ్లు నిండి ఉంటాయి, కొన్ని ఖాళీ. నిండిన గడి చుట్టూ రెండో మూడో నిండినవి ఉంటే అది బతుకుతుంది, లేకపోతే ఆరిపోతుంది. ఖాళీ గడి చుట్టూ సరిగ్గా మూడు ఉంటే అందులో కొత్తది పుడుతుంది. అంతే నియమం. చాలా బొమ్మలు చెదిరిపోతాయి. కొన్ని మాత్రం మారి మారి మళ్లీ మొదటి రూపానికి వస్తాయి. మళ్లీ మారతాయి, మళ్లీ వస్తాయి. ఆ తిరిగొచ్చే బొమ్మలంటే ఆయనకు ప్రాణం.

దాన్ని కంప్యూటర్‌లో చూపించవచ్చు. ఆయన కాలేజీ గ్రౌండులో చూపించారు. సున్నంతో గళ్లు గీసి, గడికొకరిని కూర్చోబెట్టి, ముగ్గురిని నిండిన గళ్లుగా వరుసలో నిలబెట్టారు. ఈల వేస్తే చివరలున్న ఇద్దరూ కూర్చున్నారు, నడిమి అమ్మాయికి ముందొకరు, వెనకొకరు లేచారు. అడ్డంగా ఉన్న వరుస నిలువైంది. మళ్లీ ఈల, మళ్లీ అడ్డం. ఆ నడిమి అమ్మాయి నిరోష. లెక్కల్లో తప్పి, చదువు మానేస్తానంటున్న పిల్ల. “సార్, నేను ఒక్కపారి గూడ కూసోలే” అంది. సార్ ఏమన్నారో తెలుసా? “నీ పక్కన ఎప్పుడు ఇద్దరుంటున్నరు బిడ్డా. మనుషులు మారుతున్నరు గని, ఇద్దరైతే ఉంటున్నరు.”

నిరోష చదువు మానలేదు.

తర్వాత ఆయన ఆ నియమాన్నే కొంచెం మార్చి తనదైన ఆట కట్టుకున్నారు. అందులో తిరిగొచ్చే పెద్ద బొమ్మ కోసం ఏళ్లు వెతికారు. దొరికిందన్నారు. పేపర్లో వచ్చింది. ఈ కామారెడ్డిలోనే మేమంతా సన్మానం పెట్టాం. ఈరవ్వ బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి, కొత్త చీర కట్టుకొని వచ్చింది. శాలువా కప్పబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. “ఆగుండ్రి. నా లెక్క తప్పింది. ఇయ్యాల పొద్దుగాల్నే తెలిసింది. ఎక్కడ తప్పిందో చెప్పనీకే వచ్చిన.”

కంప్యూటర్‌లో ఆయన గీసుకున్న మైదానానికి అంచులున్నాయి. బొమ్మ ఆ అంచుకు తగలబట్టే మొదటి రూపానికి తిరిగొస్తోంది. అంచు తీసేస్తే చెదిరిపోతోంది. బోర్డు తెప్పించి అదంతా గీసి చూపించారు. మనలో ఎంతమందికి చేతనవుతుంది ఆ పని? భుజం దాకా వచ్చిన శాలువాను ఆపడం ఎంతమందికి చేతనవుతుంది? బస్సెక్కేముందు ఈరవ్వ నాతో అంది: “శాలువా పోతే పోనియ్ బిడ్డా. నా కొడుకు అబద్ధం కప్పుకోలే.”

మర్నాడే మళ్లీ మొదలుపెట్టారు. ఇంజనీరింగ్‌లో చేరిన నిరోష సెలవుల్లో వచ్చి తోడు కూర్చునేది. మధ్యలో ఆయన కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ మొదలైంది. వెతుకులాట ఆగలేదు.

పోయిన నెల నిరోష ల్యాప్‌టాప్ పట్టుకొని ఆసుపత్రికి వచ్చింది. వినీతా నేనూ అక్కడే ఉన్నాం. తెర మీద బొమ్మ విచ్చుకుంది, విడిపోయింది, దగ్గరైంది, మొదట ఎలా ఉందో అలాగే నిలిచింది. మళ్లీ కదిలింది. సార్ అడిగింది ఒక్కటే: “అంచు తీసి చూసినవా?”

“తీసే చూసిన సార్.”

ఆయన వినీత చెయ్యి పట్టుకొని తెరనే చూశారు. తర్వాత అన్నారు: “రాసేటప్పుడు నీ పేరు ముందల పెట్టు బిడ్డా. దొరికిచ్చింది నువ్వు.”

ఆ బొమ్మను ఈ గళ్ల ఆట తెలిసిన వేరే దేశాల వాళ్లు కూడా నడిపి చూశారు. నిజమేనన్నారు. ఆ కబురు ఆయన చెవిన పడింది. ఆ తర్వాతే వెళ్లిపోయారు.

ఈరవ్వా, నీ కొడుకు పని సగంలో వదిలి పోలేదు. వినీతా, ఆయన ప్రతి శనివారం పిల్లలకు చెప్పే క్లాసు ఆగదు. వచ్చే వారం నిరోష చెబుతుంది, నేను పిల్లల మధ్య కూర్చొని వింటాను.

ఇక నా మాటలు చాలు. ఆయన మీకు ఏం నేర్పారో ఎవరికి వారు మనసులో చెప్పుకోండి. అందరం లేచి, ఆయన కోసం మౌనంగా నిలబడదాం.